జార్జ్ ఫోర్సైత్

జార్జ్ ఎల్మర్ ఫోర్సైత్ (1917 జనవరి 8 - 1972 ఏప్రిల్ 9) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర విభాగాన్ని స్థాపించి, 1965 నుండి మరణించే వరకు దానికి అధిపతిగా పనిచేశాడు. కంప్యూటరును కేవలం లెక్కలు చేసే యంత్రంగా చూస్తున్న రోజుల్లో, దాని చుట్టూ ఒక స్వతంత్ర శాస్త్రం ఉన్నదని, ఆ శాస్త్రానికి విశ్వవిద్యాలయంలో ప్రత్యేక స్థానం ఉండాలని పట్టుబట్టి సాధించినవారిలో ఈయన ప్రముఖుడు. కళాశాలల్లో కంప్యూటరు విద్యను ఎవరికి, ఎంత, ఏ క్రమంలో బోధించాలనే ప్రశ్నపై జీవితకాలం ఆలోచించాడు. నేడు డిగ్రీ, ఇంజనీరింగు స్థాయిలో కనిపించే కంప్యూటర్ శాస్త్రం, సమాచార వ్యవస్థలు అనే విభాగాల పాఠ్యప్రణాళికల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈయన జీవితం ఎంతో ఉపకరిస్తుంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఫోర్సైత్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టేట్ కాలేజ్ అనే పట్టణంలో జన్మించాడు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పట్టణానికి తరలివెళ్ళింది. ఏడవ తరగతి చదివే రోజుల్లోనే లెక్కల యంత్రంపై ఈయనకు ఆసక్తి కలిగింది. చేతితో తిప్పే బల్లమీది యంత్రం సాయంతో 10,000ను 7,699తో భాగించి, దశాంశ స్థానాల్లోని అంకెలు ఎక్కడ మళ్ళీ మొదటికి వస్తాయో కనిపెట్టాలని ప్రయత్నించాడట. ఒక సంఖ్యను 7,699తో భాగించినపుడు అంకెల వరుస పునరావృతం కావడానికి 7,698 స్థానాల వరకు పట్టవచ్చు. చేతి యంత్రంపై ఇది ఎంత శ్రమతో కూడిన పనో ఊహించవచ్చు. సంఖ్యల లోపలి పోకడను యంత్రం ద్వారా గమనించాలనే ఆ కుతూహలం ఈయనను చివరివరకు విడిచిపెట్టలేదు.

1937లో స్వార్త్‌మోర్ కళాశాల నుండి గణితంలో పట్టభద్రుడయ్యాడు. అనంతరం బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1938లో స్నాతకోత్తర పట్టాను, 1941లో డాక్టరేటును పొందాడు. జేకబ్ టమార్కిన్ అనే ప్రసిద్ధ గణితవేత్త అక్కడ ఈయనకు గురువు. ఈయన పరిశోధన అనంత శ్రేణుల సంకలనానికి సంబంధించినది. అది పూర్తిగా శుద్ధ గణితం, యంత్రాలతో సంబంధం లేనిది.

వాతావరణ శాస్త్రం నుండి గణన యంత్రాలకు

1941లో ఫోర్సైత్ స్టాన్‌ఫోర్డులో గణిత అధ్యాపకుడిగా చేరాడు. అయితే రెండవ ప్రపంచ యుద్ధం ఆయన దారిని మార్చింది. అమెరికా సైనిక వైమానిక దళంలో వాతావరణ శాస్త్ర విభాగంలో పనిచేస్తూ, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాతావరణ శిక్షణ తరగతులతో సంబంధం ఏర్పరచుకున్నాడు. హోల్మ్‌బో, గస్టిన్ అనే ఇద్దరితో కలిసి రచించిన డైనమిక్ మెటియొరాలజీ అనే పాఠ్యగ్రంథం 1945లో వెలువడింది. వాతావరణాన్ని ముందుగా చెప్పడానికి కావలసిన సమీకరణాలు తెలిసినవే అయినా, వాటిని సకాలంలో సాధించగల వేగం మనుషులకు లేకపోవడమే ఆ శాస్త్రంలోని పెద్ద చిక్కు.

యుద్ధానంతరం బోయింగ్ విమాన సంస్థలో ఒక సంవత్సరం పనిచేశాడు. 1948లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకు చెందిన సంఖ్యాత్మక విశ్లేషణ కేంద్రంలో చేరాడు. ఈ కేంద్రం లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉండేది. 1950లో అక్కడ స్వాక్ అనే కంప్యూటరు పని ప్రారంభించింది. దానిని రూపొందించిన హ్యారీ హస్కీ తరువాతి కాలంలో భారతదేశానికి వచ్చి, 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.లో కంప్యూటర్ కేంద్రం నెలకొల్పడానికి తోడ్పడ్డాడు. ఆనాటి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన యంత్రాల్లో స్వాక్ ఒకటి. అయితే యంత్రం వేగంగా ఉన్నంత మాత్రాన సమాధానం సరియైనది కాదని ఫోర్సైత్ అక్కడే గ్రహించాడు. వేలకొద్దీ గుణకారాల్లో చిన్న చిన్న సవరణలు పేరుకుపోయి చివరి ఫలితాన్ని ఏ విధంగా తారుమారు చేస్తాయన్నది ఆయన ప్రధాన పరిశోధనాంశం అయ్యింది.

రష్యన్ గణితవేత్తల కృషి ఆంగ్ల పాఠకులకు అందడంలేదని గమనించి, రష్యన్ గణిత గ్రంథాల సూచిక ఒకటి సంకలనం చేసి 1956లో ప్రచురించాడు. రక్షణశాఖ నుండి అందే నిధులు ఆగిపోవడంతో 1954లో సంఖ్యాత్మక విశ్లేషణ కేంద్రం మూతపడింది. ఆ తరువాత మూడేళ్ళు అదే విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, 1957లో ఆచార్యుడిగా తిరిగి స్టాన్‌ఫోర్డు చేరాడు.

కంప్యూటర్ శాస్త్ర విభాగ స్థాపన

ఫోర్సైత్ స్టాన్‌ఫోర్డు చేరేనాటికి కంప్యూటరుకు విశ్వవిద్యాలయంలో సొంత ఇల్లు లేదు. ఇంజనీరింగు వారికి అది విద్యుత్ పరికరం, గణితజ్ఞులకు అది అంకెల పని, వాణిజ్యం వారికి అది జీతాల పట్టికలు తయారుచేసే సాధనం. ఒక సాధనం పేరిట విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విభాగం ఎందుకని ప్రశ్నించేవారు చాలామంది ఉండేవారు. గణిత శాఖలలో సంఖ్యాత్మక విశ్లేషణను రెండవ తరగతి విషయంగా చూసే ధోరణి కూడా ఉండేది. ఈ పరిస్థితుల్లో కొత్త అధ్యాపకులను నియమించాలన్నా, విద్యార్థికి పట్టా ఇవ్వాలన్నా ఇతర శాఖల అంగీకారం కోసం వేచి ఉండవలసి వచ్చేది.

ఈ శాస్త్రానికి కంప్యూటర్ సైన్స్ అనే పేరును 1961లో ఫోర్సైత్ వాడుకలోకి తెచ్చాడని డొనాల్డ్ నూత్ తన సంస్మరణ వ్యాసంలో పేర్కొన్నాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1959లో, లూయీ ఫైన్ అనే సలహాదారు తన వ్యాసంలో ఇటువంటి పేరునే ప్రతిపాదించాడు. కాబట్టి పేరు పెట్టిన ఘనత ఒక్కరిదే అనడం కంటే, ఆ పేరుకు తగిన విద్యాశాఖను నిర్మించి చూపినవారిలో ఫోర్సైత్ అగ్రగణ్యుడు అనడం సమంజసం.

1961లో స్టాన్‌ఫోర్డు గణిత శాఖలో అంతర్భాగంగా కంప్యూటర్ శాస్త్ర ఉపవిభాగం ఏర్పడింది. దీనికి పాలకవర్గంలోని ఆల్బర్ట్ బౌకర్ మద్దతు లభించింది. 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయం అమెరికాలో మొట్టమొదటి కంప్యూటర్ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పింది. 1965 జనవరిలో స్టాన్‌ఫోర్డు ఉపవిభాగం గణిత శాఖ నుండి విడివడి స్వతంత్ర విభాగమైంది.

మనుషులను ఎంచుకోవడంలో ఫోర్సైత్‌కు గొప్ప దృష్టి ఉండేది. తన సొంత విషయమైన సంఖ్యాత్మక విశ్లేషణ వారితోనే శాఖను నింపుకోలేదు. కృత్రిమ మేధకు జాన్ మెకార్తీని, ప్రోగ్రామింగు భాషలకు నిక్లాస్ విర్త్‌ను, సంఖ్యాత్మక విశ్లేషణకు జీన్ గొలుబ్‌ను రప్పించాడు. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, రాబర్ట్ ఫ్లాయిడ్, డొనాల్డ్ నూత్ కూడా ఆయన కాలంలోనే అక్కడ చేరారు. వీరిలో మెకార్తీ (1971), నూత్ (1974), ఫ్లాయిడ్ (1978), విర్త్ (1984), ఫైగెన్‌బామ్ (1994) ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో ఇదే అత్యున్నత పురస్కారం.

పాఠ్యప్రణాళికపై ఆలోచనలు

1964 నుండి 1966 వరకు ఫోర్సైత్ అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ (ఎ.సి.ఎం.) అనే వృత్తి సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన అధ్యక్షుడిగా ఉండగానే, 1965 సెప్టెంబరులో, కంప్యూటర్ శాస్త్రంలో డిగ్రీ స్థాయి కోర్సు ఏ విధంగా ఉండాలో సూచించే ప్రాథమిక నివేదికను ఆ సంఘపు పాఠ్యప్రణాళికా సంఘం ప్రచురించింది. దానినే సవరించి, విస్తరించి 1968 మార్చిలో వెలువరించిన నివేదిక కరిక్యులమ్ 68 అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. పలు దేశాల కళాశాలలు తమ కోర్సులను రూపొందించుకోవడానికి దీనిని ఆధారంగా తీసుకున్నాయి.

స్టాన్‌ఫోర్డులో అమలుచేసిన విద్యా కార్యక్రమాన్ని ఫోర్సైత్ 1967 జనవరిలో ఎ.సి.ఎం. పత్రికలో వివరంగా వ్రాశాడు. 1968లో గణిత అధ్యాపకుల కోసం మరొక వ్యాసం వ్రాశాడు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఇంకా రాని కళాశాలలో గణిత శాఖవారు అందాకా ఏమి చేయవచ్చునన్నది దాని విషయం. ఈ వ్యాసానికి 1969లో అమెరికా గణిత సంఘం వారి లెస్టర్ ఫోర్డ్ పురస్కారం లభించింది. ఆనాటి పరిస్థితి తెలిస్తే దాని ప్రాధాన్యం అర్థమవుతుంది. విద్యార్థులు వేల సంఖ్యలో కోర్సు కోరుతున్నారు, కళాశాలలు యంత్రాలను కొంటున్నాయి, చెప్పగలవారు మాత్రం వేళ్ళమీద లెక్కించదగినంత మంది. ఇటువంటి సమయంలో తొందరపడి యంత్రం మీటలు నొక్కడం నేర్పి పంపితే, ఆ యంత్రం పాతబడిన మరునాడే విద్యార్థి చదువు కూడా పాతబడుతుంది.

ఫోర్సైత్ ఆలోచన ఇందుకు భిన్నమైనది. శాస్త్ర సాంకేతిక విద్యలో విద్యార్థి సంపాదించుకొనే వాటిలో జీవితాంతం అక్కరకు వచ్చేవి అన్ని రంగాలకు పనికివచ్చే మేధా సాధనాలేనని ఆయన అభిప్రాయం. సహజ భాష, గణితం వాటిలో మొదటివి. వాటి సరసన మూడవదిగా కంప్యూటర్ శాస్త్రాన్ని ఆయన చేర్చాడు. అందువలన ఒక ప్రత్యేక యంత్రాన్ని గాని, ఒక భాషను గాని కాక, సమస్యను దశలుగా విడగొట్టి, ప్రతి దశను తప్పులేకుండా నిర్వచించి, ఫలితాన్ని పరీక్షించుకొనే పద్ధతిని నేర్పాలని భావించాడు.

డిగ్రీ స్థాయిలో ప్రత్యేక పట్టాను ప్రవేశపెట్టడానికి స్టాన్‌ఫోర్డు తొందరపడలేదు. అక్కడి విభాగం ఫోర్సైత్ కాలంలో ప్రధానంగా స్నాతకోత్తర విద్యను నిర్వహిస్తూ, డిగ్రీ విద్యార్థులందరికీ ప్రోగ్రామింగు తరగతులు నడిపింది. విభాగం 1985లో ఇంజనీరింగు కళాశాల పరిధిలోకి మారింది. డిగ్రీ స్థాయిలో కంప్యూటర్ శాస్త్ర ప్రధానాంశం 1986లో ప్రారంభమైంది.

ప్రోగ్రాములను దిద్దే ప్రోగ్రాము

తరగతిలో విద్యార్థులు పెరిగినకొద్దీ వారు వ్రాసిన ప్రోగ్రాములను దిద్దడం అధ్యాపకులకు భారమైంది. ప్రోగ్రాము చూడటానికి సరిగానే కనిపించి, ఏదో ఒక ప్రత్యేక సందర్భంలో తప్పు సమాధానం ఇవ్వవచ్చు. అటువంటి తప్పును కంటితో పట్టుకోవడం కష్టం. దీనికి పరిష్కారంగా ఫోర్సైత్, విర్త్ కలిసి దిద్దే ప్రోగ్రాములను వాడి, ఆ అనుభవాన్ని 1965లో ప్రచురించారు. విద్యార్థి ఆల్గాల్ భాషలో తన భాగాన్ని వ్రాసి ఇస్తాడు. అధ్యాపకుని ప్రోగ్రాము దానికి ముందే ఎంచిన దత్తాంశాలను ఇచ్చి, వచ్చిన సమాధానాలను పరీక్షిస్తుంది. నేడు అంతర్జాలంలో జరిగే ప్రోగ్రామింగు పోటీలలో, కళాశాలల ప్రయోగశాలల్లో వాడే స్వయంచాలిత మూల్యాంకనం ఈ సూత్రంపైనే నడుస్తున్నది.

గణనలో పొరపాట్లు

గణిత పాఠ్యపుస్తకంలోని సూత్రాన్ని యథాతథంగా కంప్యూటరుకు అప్పగిస్తే ఏమవుతుందో వివరిస్తూ 1970లో ఫోర్సైత్ వ్రాసిన వ్యాసం విద్యార్థిలోకంలో మిక్కిలి ప్రసిద్ధి పొందింది. ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం అర్థమయ్యే వర్గ సమీకరణం ద్వారా ఈ విషయాన్ని తెలుసుకోవచ్చు.

ఒక వర్గ సమీకరణపు రెండు మూలాల మొత్తం 1,00,000 అనీ, వాటి లబ్ధం 1 అనీ అనుకుందాం. పెద్ద మూలం దాదాపు 99,999.99999, చిన్న మూలం దాదాపు 0.00001. పాఠశాలలో నేర్చిన సూత్రం ప్రకారం ముందుగా 1,00,000 వర్గం నుండి 4 తీసివేయాలి. వచ్చేది 9,99,99,99,996. ఎనిమిది అంకెలను మాత్రమే నిలుపుకోగల యంత్రం దీనిని 10,00,00,00,000గా సవరిస్తుంది. వర్గమూలం సరిగ్గా 1,00,000 అవుతుంది. 1,00,000 నుండి దానిని తీసివేసి సగం చేస్తే చిన్న మూలం సున్న అని యంత్రం చెబుతుంది. మూలాల లబ్ధం 1 కావలసినది సున్న అవుతుంది. సూత్రంలో తప్పు లేదు, యంత్రం చెడిపోలేదు, అయినా సమాధానం తప్పు. దీనికి విరుగుడు సులభమే. ముందు పెద్ద మూలాన్ని కనుగొని, లబ్ధమైన 1ని దానితో భాగిస్తే చిన్న మూలం 0.00001 సరిగా వస్తుంది.

వంతెనల నిర్మాణానికీ, విమానాల రూపకల్పనకూ కంప్యూటరు లెక్కలపై ఆధారపడటం మొదలైన కాలంలో ఇది కేవలం తరగతి గది ముచ్చట కాదు. యంత్రం ఇచ్చిన సమాధానాన్ని ప్రశ్నించడం విద్యార్థికి నేర్పకపోతే ప్రమాదమన్నదే ఫోర్సైత్ బోధన సారాంశం.

సమాచార వ్యవస్థల డిగ్రీ కోర్సులు

కరిక్యులమ్ 68లో గణితం పాలు ఎక్కువైందనీ, కంప్యూటర్లను అత్యధికంగా వాడుతున్న వాణిజ్య, పరిపాలనా రంగాల అవసరాలకు అందులో చోటు చాలలేదనీ విమర్శలు వచ్చాయి. ఒక సంస్థలో ఎవరికి ఏ సమాచారం కావాలి, అది ఎక్కడ పుడుతుంది, ఏ దారిన ప్రయాణిస్తుంది, ఎవరి నిర్ణయానికి ఉపయోగపడుతుంది అన్న ప్రశ్నలకు గణితం ఒక్కటే సమాధానం చెప్పలేదు. దీని ఫలితంగా ఎ.సి.ఎం. మరొక సంఘాన్ని ఏర్పరచింది. సమాచార వ్యవస్థలలో స్నాతకోత్తర కోర్సుపై ఆషెన్‌హర్స్ట్ సంపాదకత్వంలోని నివేదిక 1972 మేలో వెలువడింది. అప్పటికి ఫోర్సైత్ మరణించి నెల రోజులే అయ్యింది. డిగ్రీ స్థాయి కోర్సుపై డేనియల్ కూగర్ సంపాదకత్వంలోని నివేదిక 1973 డిసెంబరులో వచ్చింది. ఇందులో సంస్థాగత అంశాలకు ప్రాధాన్యమిచ్చే శాఖ ఒకటి, సాంకేతిక అంశాలకు ప్రాధాన్యమిచ్చే శాఖ మరొకటి సూచించారు. తరువాత 1997, 2002, 2010, 2020 సంవత్సరాల పేరిట ఈ ప్రణాళికలు పునర్నిర్మితమయ్యాయి. తెలుగునాట బి.సి.ఎ., బి.కాం. కంప్యూటర్స్ విద్యార్థులు చదివే వ్యవస్థా విశ్లేషణ, డేటాబేసు నిర్వహణ వంటి పాఠ్యాంశాలు ఈ కోవకు చెందినవే.

ఈ నివేదికల రచనలో ఫోర్సైత్ పేరు కనిపించదు. అయితే కంప్యూటరు విద్య మరొక శాఖకు అనుబంధం కాదని, దానికి సొంత ప్రణాళిక ఉండాలని ఆయన తరం గెలిచిన వాదమే సమాచార వ్యవస్థల విభాగానికీ దారి ఇచ్చింది.

కుటుంబం

ఫోర్సైత్ 1941లో అలెగ్జాండ్రా ఇల్మర్‌ను వివాహమాడాడు. ఆమె కూడా గణితం చదివిన విదుషీమణి. అదే సంవత్సరం వాసర్ కళాశాల నుండి స్నాతకోత్తర పట్టా పొందింది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు గణితం, ప్రోగ్రామింగు బోధించింది. మరి ముగ్గురితో కలిసి ఆమె రచించి 1969లో ప్రచురించిన కంప్యూటర్ సైన్స్: ఎ ఫస్ట్ కోర్స్ అనే పుస్తకాన్ని ఈ శాస్త్రంలోని తొలి పాఠ్యపుస్తకాల్లో ఒకటిగా పరిగణిస్తారు. ఆమె 1980లో మరణించింది. వీరి కుమార్తె డయానా ఫోర్సైత్ (1947 - 1997) మానవ శాస్త్రవేత్త. కృత్రిమ మేధ పరిశోధకులు పనిచేసే తీరును ఆమె అధ్యయనం చేసింది.

శిష్యులు, తెలుగువారితో సంబంధం

ఫోర్సైత్ పర్యవేక్షణలో 17 మంది డాక్టరేటు పొందారు. వారిలో క్లీవ్ మోలర్ ఒకడు. నేడు ఇంజనీరింగు విద్యార్థులకు సుపరిచితమైన మ్యాట్‌లాబ్ సాఫ్ట్‌వేరును మొదట రూపొందించినవాడు మోలరే. బెరెస్‌ఫర్డ్ పార్లెట్, జేమ్స్ ఒర్టెగా కూడా ఈయన శిష్యులే.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి) ఫోర్సైత్ నిర్మించిన విభాగంలోనే చదివాడు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రుడై, ఆస్ట్రేలియాలో పై చదువు ముగించుకొని స్టాన్‌ఫోర్డు చేరిన రెడ్డి, జాన్ మెకార్తీ పర్యవేక్షణలో 1966లో డాక్టరేటు పొందాడు. మాటలను కంప్యూటరు గుర్తించేలా చేయడం ఆయన పరిశోధన. 1969 వరకు అదే విభాగంలో అధ్యాపకుడిగా పనిచేశాడు. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి (బాసర, నూజివీడు, ఇడుపులపాయ) తొలి కులపతిగా వ్యవహరించాడు.

రచనలు

పాక్షిక అవకలన సమీకరణాలపై వొల్ఫ్‌గాంగ్ వాసోతో కలిసి వ్రాసిన గ్రంథం 1960లో, ఏకఘాత సమీకరణ వ్యవస్థల సాధనపై మోలర్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 1967లో వెలువడ్డాయి. మోలర్, మైకేల్ మాల్కమ్‌లతో ప్రారంభించిన గణన పద్ధతుల పాఠ్యగ్రంథం ఆయన మరణానంతరం 1977లో ప్రచురితమైంది. ప్రెంటిస్ హాల్ సంస్థ వెలువరించిన కంప్యూటర్ శాస్త్ర గ్రంథమాలకు సంపాదకత్వం వహించాడు.

మరణం, స్మృతి

ఫోర్సైత్ కేన్సరు వ్యాధితో 1972 ఏప్రిల్ 9న, 55 ఏళ్ళ వయస్సులో మరణించాడు. విభాగం స్థాపించి అప్పటికి ఏడేళ్ళు మాత్రమే గడిచాయి. అదే సంవత్సరం ఆగస్టులో ఎ.సి.ఎం. పత్రికలో వెలువడిన నూత్ వ్యాసం, ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలలో కంప్యూటర్ శాస్త్రం ఇంత త్వరగా వేళ్ళూనడానికి ఇతరులందరికంటే ఫోర్సైత్ ఎక్కువ కారకుడని అంచనా వేసింది. స్టాన్‌ఫోర్డులో కంప్యూటర్ కేంద్రపు భవనానికి ఫోర్సైత్ హాల్ అని పేరు పెట్టారు. ఆయన పేరిట స్మారక ఉపన్యాసాలు కూడా ఏర్పాటు చేశారు.